పటకారు కీలు మీది నలుపు

"నాన్న పోనాడు వదినా. టీ తాగి కొలిమి కాడ కూకున్నాడు. అలాగే ఒరిగిపోనాడు." హుకుంపేట దగ్గరి మా ఊరి నుంచి మావయ్య కూతురు ఫోన్‌లో ఈ మాట చెప్పేసరికి నేను విశాఖలో, ల్యాబ్‌లో ఉన్నాను. ఎదురుగా ఫర్నేస్ వేడెక్కుతోంది. దాన్ని ఆపాలని కూడా తోచలేదు.

మావయ్య మా అమ్మ తమ్ముడు. చుట్టుపక్కల కొండ ఊళ్లకు ఆయనే కమ్మరి. తొలకరికి నాగలి కర్రులన్నీ ఆయన దగ్గరికే చేరేవి. కర్రు తెచ్చినవాళ్లను ఊరికే కూర్చోనిచ్చేవాడు కాదు, తిత్తి ఊదించేవాడు. "నీ ఇనుము కాలినంతసేపు నువ్వూ సూడాల" అనేవాడు. నేను ఏ కర్రూ తేకపోయినా తిత్తి దగ్గరే ఉండేదాన్ని. చదువుకోమని అమ్మ కేకలేసేది.

అరిగిన కర్రును ముందు బొటనవేలితో తడిమేవాడు. "ఎడమ పక్కే అరిగింది. పొలంలో రాళ్లున్నాయా, నువ్వే ఒరిగి దున్నుతున్నావా?" అని అడిగేవాడు. అరుగుదలను చదవడం నేను అక్కడే నేర్చుకున్నాను.

పెద్దయ్యాక అదే నా పరిశోధన అయింది. ఉక్కు మెత్తబడే వేడిలోనూ గట్టిగా నిలిచే మాలిబ్డినం మిశ్రమాలను వేడిలో రుద్ది, ఘర్షణ ఎంత, అరుగుదల ఎంత అని చూడటం నా పని. కానీ ఒకే పరీక్ష రెండుసార్లు చేస్తే రెండు జవాబులు వచ్చేవి. ఫెలోషిప్ గడువేమో దగ్గర పడింది. "వీటిని నమ్మేదెలాగమ్మా?" అన్నారు గైడ్ గారు. నాకు ఒళ్లు మండిపోయింది. మిషన్‌ని తిట్టాను, కరెంటును తిట్టాను. పోయిన వేసవిలో, చదువు మానేద్దామనే ఊరెళ్లిపోయాను.

అక్కడ ఊరికే ఉండలేక మావయ్య పటకారు తీసి, కీలుకు పట్టిన నల్లటి పొరను ఇసుకతో తోముతున్నాను. ఆయన చూశాడు.

"ఓలమ్మో! ఏటి సేత్తన్నావే గుంటా? అన్నం గిన్నె అనుకున్నావేటి?"

"మురికి మావయ్యా."

"మురికేటి? వేడిలో రోజూ రాసుకుని రాసుకుని ఆ నలుపు కూకుంది. అదుంటేనే కీలు నున్నగా ఆడతాది. తీసేత్తే ఇనుము ఇనుమునే తినేత్తాది."

ఇసుక దులిపేసి పటకారు పక్కన పెట్టాను. ల్యాబ్‌లో నేను చేస్తున్నదీ అదే కదా! పరీక్ష మధ్యలో తూకం వేయాల్సినప్పుడల్లా లోహపు ముక్కల్ని ఎసిటోన్‌తో కడిగి, తళతళలాడేదాకా రుద్దేదాన్ని. ఎక్కువ రుద్దిన రోజు ఒక జవాబు, తక్కువ రుద్దిన రోజు ఇంకో జవాబు. శుభ్రమైన పిల్లనని పేరు మరి నాకు! మర్నాడే విశాఖ బస్సెక్కాను.

ఈసారి మధ్యలో ముక్కల్ని ముట్టుకోలేదు. జవాబులు కలిశాయి. లోహం మీద పుట్టిన ఆక్సైడ్ పొర నలిగి, నున్నబడి, ఆ లోహాన్నే కాపాడుతోంది. వేడి మరీ పెంచితే ఆ పొర తెల్లటి పొగై పోతుందని ఫోన్‌లో చెబితే మావయ్య నవ్వాడు. "అంత పొయ్యి నాకొద్దులే. నువ్వు బేగి పుస్తకం రాసెయ్" అన్నాడు. థీసిస్ రాసి ఇచ్చేశాను. ఒక ప్రతి మావయ్య చేతిలో పెట్టేలోగానే ఆయన పోయాడు. ఆ బాధ నాకు పోదు.

దినకార్యం అయిన మర్నాడు మావయ్య కూతురు కొలిమి రాజేసింది. కర్రులు పట్టుకుని జనం అప్పటికే వచ్చి కూర్చున్నారు. ఆమె ఆ పటకారు తీసి నా వైపు చూసింది. "తోమేత్తావేటి వదినా?" అంది, ఏడుపు మొహంతోనే నవ్వుతూ. నేను తోమిన చోట కీలు మళ్లీ నల్లబడి ఉంది. ఆమె తెరిస్తే చప్పుడు లేకుండా తెరుచుకుంది. నేను వెళ్లి తిత్తి దగ్గర కూర్చున్నాను.