పెద్దాయన తన చేత్తో మూసిన బోరు

నా చిన్నప్పుడు మా ఊరి పిల్లలం నోరు తెరిచి నవ్వేవాళ్ళం కాదు. పళ్ళ మీద గోధుమరంగు చారలుండేవి. మార్కాపురం పక్కనున్న ఆ ఊళ్ళో దాదాపు అందరివీ అంతే కాబట్టి, నీళ్ళవల్ల వచ్చిన జబ్బని మాకు తెలియదు. మా నాయన పలకల ఫ్యాక్టరీలో రాయి కోసేవాడు. దాని యజమానిని ఊరంతా పెద్దాయన అని పిలిచేది. నేను తాతా అనేదాన్ని.

ఒకరోజు నాయనకు అన్నం తీసుకుపోయినప్పుడు, మా పళ్ళెందుకు ఇట్లుంటాయని పెద్దాయన్నే అడిగాను. ఇంకొకరైతే నవ్వి పంపేసేవారు. ఆయన మా సైన్సు మాస్టారిని పిలిపించి అదే ప్రశ్న వేశారు. తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువైతే అలా అవుతుందని మాస్టారు చెప్పారు. కొన్నాళ్ళకే ఫ్యాక్టరీలో ఖాళీగా పడున్న గదిలోకి ఒక బల్ల, గాజు గొట్టాలు, నీళ్ళను పరీక్షించే మందు సీసా వచ్చాయి. ఏదైనా తెలుసుకోవాలనే పిల్లలెవరైనా ఆ గదికి రావచ్చన్నారు పెద్దాయన. మొదట వెళ్ళింది నేనే.

మందు చుక్కలు వేస్తే మంచి నీళ్ళు గులాబీరంగులోకి వచ్చేవి. ఫ్లోరైడ్ ఎక్కువుంటే పసుపుపచ్చగా మారేవి. ఆ ఎండాకాలమంతా సీసాలు సంచిలో వేసుకుని బావి బావికీ తిరిగి, ఏది మంచిదో ఏది కాదో కాగితం మీద రాసుకున్నాను. పొలాల మధ్యనున్న పాత దిగుడుబావి నీళ్ళు గులాబీరంగుకొచ్చాయి. అన్నిటికంటే చిక్కటి పసుపు వచ్చింది మాత్రం ఫ్యాక్టరీ ముందున్న బోరుకు. పెద్దాయన తన తల్లి పేరు మీద వేయించిన బోరది. రాతి మీద ఆవిడ పేరు చెక్కించారు. ఊళ్ళో సగం మంది ఆ నీళ్ళే తాగేవాళ్ళు.

భయపడి నాయనకు చెప్పాను. ఆయన నా చేతిలోని కాగితం తీసుకుని చూశాడు. "ఆ ఒక్కటీ మంచిదనే రాయి తల్లీ. మనం తినే కూడు ఆయన పెట్టిందే గదా" అన్నాడు. అలాగే రాశాను.

తరువాతి ఆదివారం పెద్దాయన ఊరివాళ్ళందరినీ ఫ్యాక్టరీ ఆవరణలోకి పిలిచి నన్ను బల్ల ముందు నిలబెట్టారు. ఒక్కో బావి సంగతీ చదివాను. పెద్దాయన బోరు దగ్గరికి వచ్చేసరికి నాయన వైపు చూసి, మంచిదని గబగబా చదివేశాను. ఆయన నా మొహంలోకి చూసి, బోరు నుంచి చెంబెడు నీళ్ళు తెప్పించారు.

"మా వాకిట్లో నీళ్ళు గదా, అందరి ముందరా ఇంకోసారి చూపించు."

 చుక్కలు వేశాను. గొట్టంలో నీళ్ళు పసుపుపచ్చగా మారాయి.  నాయన తల వంచుకుని నిలబడ్డాడు.

"మొన్న గూడా ఇట్లనే వచ్చిందా?"

తలూపాను.

"మరి మంచిదని ఎందుకు రాసినావు?"

"మీ అమ్మ పేరుంది గదా తాతా" అన్నాను. ఏడుపు ఆగలేదు.

ఆయన ఆ గొట్టాన్ని చేతిలోకి తీసుకుని ఎండకు ఎత్తి చూశారు. ఆయన కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి. "మా అమ్మ బతికుంటే దీన్ని ఈపాటికే మూయించేది" అన్నారు. తరువాత స్పానర్ తెప్పించి, పంచె ఎగ్గట్టి, ఆ చేతిపంపు పిడిని తానే ఊడదీశారు. సాయానికి వచ్చినవాళ్ళను వద్దన్నారు. పిడి కింద పెట్టి నా దగ్గరికి వచ్చి నెమ్మదిగా చెప్పారు: "నువ్వు నా మొహం జూసి రాసినావు. నీళ్ళను జూసి రాయాల. ఇంకెప్పుడూ ఇట్ల చేయొద్దు." ఆ తరువాత నాయన భుజం మీద చెయ్యి వేసి, "రేపు ఎప్పట్లాగే పనికి రా" అన్నారు.

మరుసటి రోజు నుంచి పలకలు మోసే లారీయే డ్రమ్ముల్లో దిగుడుబావి నీళ్ళు తెచ్చి వీధివీధికీ పోసింది. నన్ను కెమిస్ట్రీ చదివించింది ఆయనే. ఆ చిన్న గదిలో చేరిన పిల్లల్లో కొందరు డాక్టర్లయ్యారు, ఒకడు నేలల మీద పరిశోధన చేస్తున్నాడు. నేను నీళ్ళ పరీక్షల్లోనే ఉద్యోగం చేసి రిటైరయ్యాను. నా మొదటి జీతం రోజున మా నాయన ఫ్యాక్టరీలో అందరికీ చూపించింది జీతం కవరు కాదు, నా పేరున్న పరీక్షా నివేదిక.

ఈమధ్యే, వందేళ్ళకు దగ్గరపడి, పెద్దాయన పోయారు. సంతాప సభలో ఆయన కట్టించిన వాటిని ఒక్కొక్కరూ చెప్పుకున్నారు. నా వంతు వచ్చినప్పుడు, ఆయన మూసేసిన బోరు గురించి చెప్పాను. ఆ చిన్న గదిలో నేర్చుకున్న మాకు, ఆయన పిల్లలమని చెప్పుకోవడానికి అంతకంటే గర్వకారణం లేదు.

ఇప్పటికీ ఊళ్ళోవాళ్ళు సీసాల్లో నీళ్ళు పట్టుకుని నా దగ్గరికి వస్తుంటారు. ఫలితం రాసే ముందు ఒక్క క్షణం ఆగుతాను. ఆ క్షణంలో ఎవరి మొహమైనా కళ్ళ ముందు మెదిలితే, కాగితం పక్కన పెట్టి పరీక్ష మళ్ళీ మొదటి నుంచి చేస్తాను.