గోండిలో దాచిన సంగతి

మా ఇంట్లో నాలుగు భాషలు మాట్లాడేవాళ్లు. అందులో రెండు నాకు రావని మా అమ్మానాన్నల గట్టి నమ్మకం.

రాష్ట్రం సరిహద్దు అవతల, దోర్నపాల్‌లో బస్సులు ఆగే చోట మా కిరాణా కొట్టు. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, కొట్లో వచ్చే మనిషిని బట్టి హల్బీ, గోండి. పిల్లలు వినకూడని మాట వస్తే పెద్దవాళ్లు భాష మార్చేసేవాళ్లు. హిందీ పనికిరాదు, బడిలో నేర్పేస్తున్నారు. అందుకని ఇరుగుపొరుగు తగాదాలు హల్బీలో, మరీ పెద్ద రహస్యాలు గోండిలో నడిచేవి. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగడమంటే ఇదే. బడి నుంచి రాగానే నన్ను చింతపండు తూకం దగ్గర కూర్చోబెట్టేది వాళ్లే, సంతకొచ్చిన గోండు పిల్లలతో ఆడుకోమని తోలేదీ వాళ్లే. నాకు గోండి వచ్చేసిన సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. చెబితే ఐదో భాష నేర్చుకొస్తారని నా భయం.

ఆరో తరగతిలో నా పక్కన కూర్చునే పిల్ల బడికి రావడం మానేసింది. పెద్దమనిషైందని చెప్పుకున్నారు. ఆదివారం అన్నాల దగ్గర అడిగాను.

"అమ్మా, పెద్దమనిషవుడంటే ఏంది? దాన్ని బడెందుకు మాన్పించిన్రు?"

నాన్న లేచి కొట్లోకి వెళ్లి పల్లీపట్టీ తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఇబ్బందిపెట్టే ప్రతి ప్రశ్నకూ ఆయన దగ్గర ఆ ఒక్క జవాబే ఉండేది. ఆ ఏడాది నేను చాలా ప్రశ్నలు అడిగాను, కాస్త ఒళ్లు కూడా చేశాను.

"పెద్దయినంక నీకే తెలుస్తది, తిను," అంది అమ్మ. వెంటనే నాన్న వైపు తిరిగి గోండి అందుకుంది. రేపో మాపో దీనికీ నెత్తురు కనబడుతుందట. ఇప్పుడే చెబితే జడుసుకుంటుందట. మూలన కూర్చోబెట్టాక మీ అమ్మ దీన్ని మళ్లీ బడికి పోనిస్తుందా అని కూడా అడిగింది. చూద్దాంలే అన్నాడు నాన్న. పక్కనే తింటున్న మా నాయనమ్మది తర్లగూడ, తెలుగువాళ్ల ఊరు, ఆమెకు తెలుగు తప్ప రాదు.

"ఏంది, ఏమంటుర్రు?" అని ఆమె కసిరింది.

"పప్పుల ఉప్పెక్కువైందంట," అన్నాడు నాన్న.

నాకు మాటలన్నీ అర్థమయ్యాయి, సంగతే అర్థం కాలేదు. ఏదో రోగం వస్తుంది, నెత్తురు పోతుంది, వెనకే బడీ పోతుంది. చావు కంటే బడి పోవడానికే ఎక్కువ భయపడ్డాను. చచ్చిపోతే ఎలా ఉంటుందో నాకు తెలీదు, పొద్దస్తమానం కొట్లో కూర్చుని చింతగింజలు తీయడం ఎలా ఉంటుందో తెలుసు. రోజూ లేవగానే అద్దంలో ముక్కు, పళ్లు, చెవులు చూసుకునేదాన్ని. నెత్తురు ఎక్కడి నుంచి వస్తుందో వాళ్లు చెప్పుకోలేదు మరి.

చివరికి ఒక సంత రోజు ఆగలేకపోయాను. ఎప్పుడూ మాకే చింతపండు తెచ్చే గోండు అత్త గంప దించింది. రహస్యాలు ఏ భాషలో మాట్లాడాలో మా ఇంట్లో నేర్చుకున్నదాన్నే కదా, గోండిలో అడిగాను. నెత్తురు పోయే రోగం వస్తే మనిషి బతుకుతుందా, నాకు రాబోతోందని అమ్మ దాచిపెడుతోంది అని. కొట్టు నిండా ఉన్నది గోండు వాళ్లేనన్న సంగతి నాకు తట్టలేదు.

ఆడవాళ్లు పగలబడి నవ్వారు. నాన్న ఉప్పు సంచిలో పోయడం మానేసి నేల మీద పోశాడు. ఆ అత్త నన్ను భుజం పట్టి అమ్మ వైపు తిప్పింది. అమ్మ సంత బేరం వదిలేసి, అది మా వంశంలో ఎవరూ చేయని పని, నన్ను లోపలికి లాక్కెళ్లి బియ్యం బస్తా మీద కూర్చోబెట్టింది.

"నీకు గోండి ఎప్పుడొచ్చిందే?"

"తూకం నేర్చుకున్నప్పుడే."

"అయితే నన్నడగొచ్చు కదనే! సంతల అడిగినవేంది?"

"నిన్నే అడిగిన. నువ్వే భాష మార్చినవు."

అమ్మ నవ్వబోయి ఏడ్చేసింది. నాకూ ఏడుపు ఆగలేదు. తర్వాత కళ్లు తుడుచుకుని తెలుగులో చెప్పింది. నెత్తురు ఎక్కడి నుంచి వస్తుందో, ఎందుకు వస్తుందో, నెలనెలా తనకూ వస్తుందని, అది రోగం కాదని. మాటమాటకీ తడబడింది, అయినా ఏదీ దాటెయ్యలేదు. కొట్లో పాత పేపరులో చుట్టి అమ్మే ప్యాకెట్టు తెచ్చి విప్పి చూపించింది. అన్నేళ్లూ అవి పెద్దవాళ్లు దాచుకుని తినే బిస్కెట్లు అనుకున్నాను.

"మరి బడి?" అన్నాను.

గుమ్మంలోంచి నాయనమ్మ అందుకుంది. "ఇంకా బడేందే? పెద్దమనిషైనంక..."

"పోతది అత్తమ్మా," అంది అమ్మ. నాయనమ్మ ముందు ఆమె గొంతు అంత పెద్దగా రావడం అదే మొదటిసారి విన్నాను. "నా పిల్ల చదివినన్నాళ్లు పోతది."

కొట్లోకి వెళ్లి అదే మాట నాన్నతో గోండిలో అంది. నేను వింటున్నానో లేదో ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుని మరీ అంది.