సెయింట్ల నుదుట కుంకుమ

మొన్నామధ్య మా అమ్మాయి క్లాసు పిల్లలకి తోడుగా మ్యూజియానికి వెళ్తే, అక్కడ గోడ మీద మూడు వందల ఏళ్ళనాటి ఎచింగ్ కనిపించింది. మబ్బుల మీద నిలబడి కళ్ళు పైకెత్తిన నలుగురు సెయింట్లు, రాగిరేకు మీద సూదితో గీసి కాగితం మీద అచ్చొత్తిన సన్నటి నల్లగీతలు. పిల్లలు ముందుకు వెళ్ళిపోయారు గాని నాకు కాళ్ళు కదల్లేదు.

అచ్చం అలాంటిదే, మేం అప్పుడుంటున్న ట్రాయ్ ఊళ్ళో మా పక్కింటి రోజ్ ఆంటీ దగ్గర ఉండేది, వాళ్ళ తాతగారు ఇటలీ నుంచి తెచ్చుకున్నది. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. ఆ వేసవిలో గుంటూరు నుంచి ఆరు నెలలు ఉండడానికి వచ్చిన అమ్మమ్మ, వారం తిరక్కుండానే ఇంటి వెనక చెక్క డెక్ మీద పాత చీర పరిచి గుమ్మడి వడియాలు పెట్టేసి, ఇల్లంతా ఇంగువ వాసన చేసేసింది. సాయంత్రాలు రోజ్ ఆంటీ తన తోటలో కాసిన బీన్స్ పట్టుకొచ్చేది. ఇద్దరూ ఈనెలు తీస్తూ, ఈవిడ తెలుగులో ఆవిడ ఇంగ్లీషులో గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్ళు, ఎవరికేం అర్థమయ్యేదో ఆ దేవుడికే తెలియాలి.

ఇంటికి రంగులు వేయిస్తున్నానని ఆంటీ ఆ బొమ్మని, పగిలిన అద్దం తీసేసి, మా డైనింగ్ టేబుల్ మీద దాచి వెళ్ళింది. మర్నాడు శుక్రవారం. శుక్రవారం తలంటుకుని దేవుడి పటాలకి బొట్లు పెట్టడం నా డ్యూటీ. తలల వెనక వెలుగు చక్రాలున్నాయి కాబట్టి వీళ్ళూ దేవుళ్ళే, బొట్టు లేకుండా ఉన్నారు పాపం అనుకుని, కుంకుమ తడిపి నలుగురికీ పెట్టాను. నా భక్తి కాస్త ఎక్కువై కారిపోతే తడిగుడ్డతో తుడిచాను. కాగితం లేచొచ్చి ఒకాయన మొహం సగం పోయింది.

సాయంత్రం ఆంటీ వచ్చి అది చూసి, లేచిపోయిన కాగితం అంచుని వేలితో అదమబోయింది. అమ్మ నా వైపు తిరగగానే, "అమ్మమ్మ పెట్టింది" అనేశాను.

అమ్మమ్మ నన్ను ఒక్క క్షణం చూసింది. "నేనే పెట్టానని చెప్పవే ఆవిడకి," అంది అమ్మతో.

అమ్మ ఆ మాటే ఇంగ్లీషులో చెప్పింది. ఆంటీ బొమ్మ తీసుకుని వెళ్ళిపోయింది, మళ్ళీ మా డెక్ ఎక్కలేదు. అమ్మమ్మ రెండుసార్లు గారెలు చేసి ఆవిడకి నా చేత పంపించింది. సిగ్గులేకుండా దారిలో రెండేసి నేనే తిన్నాను. ఆంటీ తలుపు తీసినా నిజం మాత్రం చెప్పలేదు, అమ్మమ్మ విమానం ఎక్కేదాకా చెప్పలేదు.

మొన్న మ్యూజియం పార్కింగ్ లాట్‌లోంచే అమ్మకి ఫోన్ చేసి, ముప్పై ఏళ్ళ తర్వాత, అంతా కక్కేశాను. అమ్మ ఆశ్చర్యపోలేదు.

"నాకు అప్పుడే తెలుసే. తాతయ్య పోయాక అమ్మమ్మ కుంకుమ ఎప్పుడైనా ముట్టుకుందా?"

మరెందుకు ఊరుకున్నావని అడిగితే, చిన్నపిల్ల బెదిరిపోతుంది, వదిలెయ్యమని అమ్మమ్మే సైగ చేసిందట.

ఇప్పుడు రోజ్ ఆంటీ లేదు, అమ్మమ్మా లేదు, ఆ రెండిళ్ళలోనూ వేరేవాళ్ళున్నారు. తాతయ్య పోయాక అప్పటికి గడిచిన పదకొండేళ్ళలో కుంకుమ భరిణె మూతైనా తియ్యని మనిషి చేత, నేనే పెట్టానని పరాయి మనిషి ముందు ఒప్పించాను.