నెమలికంఠం రంగుకు వారంటీ లేదు

రిటైరు కావడానికి నాలుగేళ్ల ముందు, ఒక వేసవి చివర్లో, నన్ను గుడివాడ కేంద్రంగా టెక్నికల్ ఆఫీసరుగా వేశారు. మాది రంగుల కంపెనీ. గుడివాడ, బందరు, అవనిగడ్డ దాటి దివిసీమ చివరి దాకా నా పరిధి. ఈ ఉద్యోగం గురించి బయటివాళ్లకు పెద్దగా తెలియదు. రంగు అమ్మేది సేల్స్ ఆఫీసరు. ఆయన పైన ఏరియా మేనేజరు, ఆ పైన రీజినల్ మేనేజరు. టెక్నికల్ ఆఫీసరు వీళ్ల వరసలో ఉండడు, పక్కన ఉంటాడు. గోడను చూసి దానిమీద ఏ పూత నిలుస్తుందో చెప్పడం అతని పని. వేసిన రంగు పెచ్చులూడితే ఎందుకు ఊడిందో చెప్పడం కూడా అతని పనే. మొదటి పని సరిగా చేయనిస్తే రెండోదాని అవసరం చాలావరకు రాదు. నా సర్వీసులో ఎక్కువ భాగం రెండోదానికే పోయింది.

వచ్చిన కొత్తలోనే బందరు డీలరు ఫోను చేశాడు. పాత ఇటుకల ఇల్లు ఒకటి ఉంది, రంగు వేసేముందు ఒకసారి చూసి చెప్పమన్నాడు.

వెళ్లి చూశాను. డంగుసున్నంతో కట్టిన ఇల్లు. ముందు వసారాకు ఇటుక కమాన్లు, వాటిపైన సన్నటి ఇటుక అంచు. ఇప్పుడు అలాంటి పని చేయించుకుందామన్నా చేసేవాళ్లు లేరు. ఒకప్పుడు ఒకే కుటుంబానిది, అన్నదమ్ముల పంపకాల్లో నిలువునా రెండయింది. కుడి సగంలో రిటైరైన లెక్చరరు ప్రసాదరావు గారు ఉంటున్నారు. ఎడమ సగాన్ని ఆయన పినతండ్రి కొడుకు అమ్ముకుని హైదరాబాదు వెళ్లిపోయాడు. కొన్నది నాంచారమ్మ గారు. నన్ను పిలిపించింది ఆవిడే.

నాంచారమ్మ గారిది దివిసీమలో సముద్రం ఒడ్డున ఒక పల్లె. చిన్నప్పుడు తల్లి వెంట చేపల తట్ట మోసిన మనిషి. నేను చూసేనాటికి గిలకలదిండి రేవులో పది పడవల సరుకు ఆవిడ చేతిమీదుగా లారీలకెక్కేది. భర్త ఇంకా వేటకు వెళ్తూనే ఉన్నాడు. ఇంటి సంగతులన్నీ ఆవిడవే.

ముందు గోడ చూశాను. సుత్తి పిడితో తడుతూ వెళ్తే కింద నడుమెత్తు దాకా డొల్ల శబ్దం వచ్చింది. పాత యజమాని చెమ్మ కనబడకుండా సిమెంటు మాలు పూయించాడు. సున్నంతో కట్టిన గోడ నేలలోని చెమ్మను పీల్చుకుని గాలికి వదిలేస్తుంటుంది. దానిమీద సిమెంటు వేస్తే బయటికి దారి మూసుకుపోయి చెమ్మ పైకెక్కుతుంది. బందరు నేలలో నీటితోపాటు ఉప్పూ ఎక్కుతుంది. చెమ్మ కొలిచే మీటరు పెట్టి చూస్తే కిటికీల ఎత్తులో కూడా తడి ఉంది.

ఆవిడకు అర్థమయ్యేలా చెప్పాను. సిమెంటు ఊడగొట్టించాలి. వానలు పోయి గోడ ఆరేదాకా ఆగాలి. తర్వాత మళ్లీ సున్నంతోనే పూయించి, గాలాడే రకం పూత వేయాలి. మా కంపెనీలోనే అలాంటిది ఉంది. పెద్దగా అమ్ముడుపోదు కాబట్టి డీలర్లు చెప్పరు. ఆవిడ శ్రద్ధగా విని, సంక్రాంతి దాటాకయినా సరే ఆగుతానన్నారు. తర్వాత రంగు సంగతి ఎత్తారు.

షేడ్ కార్డు తెరవబోతుంటే వద్దని లోపలికెళ్లి ఒక పట్టుచీర తెచ్చారు. నెమలికంఠం రంగు, పసుపు అంచు. గోడలకు చీర రంగు, తలుపులకు అంచు రంగు కావాలన్నారు. ముదురు రంగు, పెద్ద గోడ, ఒకసారి ఆలోచించుకోండి అన్నాను. ఆవిడ నవ్వలేదు.

"తుపాను కాలనీలో మాకు ఇల్లిచ్చినప్పుడు రంగేసే ఇచ్చారండి. తర్వాత ఒకసారి వచ్చి, ఆ రంగు తీసేసి ఇంకో రంగేసి వెళ్లారు. రెండుసార్లూ ఏ రంగు కావాలని మమ్మల్నెవరూ అడగలేదు. ఇది నేను కొనుక్కున్న ఇల్లండి."

షేడ్ కార్డు సంచిలో పెట్టేశాను. ఆ రంగులో కలిసే నీలం, ఆకుపచ్చ పొడులు ఎండకూ సున్నానికీ నిలిచేవే. పడమటి గోడ కొన్నేళ్లకు కొంచెం వెలుస్తుంది, అంతే. ఆ మాటే చెప్పాను. పద్ధతి ప్రకారం ఎండ తగిలే చోట ఒకటి, నీడన ఒకటి నమూనా పట్టీలు వేయించాను. ఆవిడ వాటిని దూరంగా నిలబడి చూసుకున్నారు, దగ్గరికొచ్చి చేత్తో తడిమి చూసుకున్నారు.

పట్టీలు ఆరకముందే ప్రసాదరావు గారు కాఫీకి పిలిచారు. వసారాలోంచి వెళ్దామంటే దారి లేదు. ఎడమ సగం నాంచారమ్మ గారు కొన్నాక ఆయన మధ్యలో ఇటుక గోడ పెట్టించారు. వీధిలోకి దిగి చుట్టూ తిరిగి వెళ్లాను.

మర్యాదస్తుడు. ముందు మా ఊరు అడిగారు, మా నాన్నగారు ఏం చేసేవారో అడిగారు. స్కూల్లో గుమస్తా అని చెప్పాక ఆయనకు కొంచెం ధైర్యం వచ్చినట్టు కనిపించింది. ఇంటి పాతకాలపు అందం గురించి చెప్పారు. ముందు భాగమంతా మీగడ రంగులో, కమాన్లకు ఎర్ర అంచుతో, ఇల్లు ఒక్కటిగా కనిపించాలన్నారు. మధ్యలో గోడ పెట్టిన మనిషి ఈ మాట ఎలా అనగలిగారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. నాంచారమ్మ గారి పేరు ఒక్కసారి కూడా పలకలేదు. "పక్కవాళ్లు" అన్నారు.

చివరికి అసలు విషయానికొచ్చారు. ఉప్పు గాలికి ఆ రంగు నిలవదని నేను చెప్పాలి.

"మేం చెబితే గొడవ అనుకుంటారు. మీరు చెబితే సైన్సు అనుకుంటారు," అన్నారు.

నిలిచే రంగును నిలవదని చెప్పడం నా వల్ల కాదన్నాను. ఆయన గొంతు పెంచలేదు. "మీరు మనవాళ్లనుకున్నాను," అని లేచి నిలబడ్డారు. కాఫీ సగంలో ఉంది. నేనూ లేచాను.

తిరిగొచ్చి జరిగింది నాంచారమ్మ గారికి దాచకుండా చెప్పాను. ఆవిడ ఆశ్చర్యపోలేదు. మీరేమన్నారని మాత్రం అడిగారు. రంగు నిలుస్తుందనే చెప్పానన్నాను. అంతే చాలండి అన్నారు.

అంతే చాలుతుందని నేనూ అనుకున్నాను. మా రీజినల్ మేనేజరు ఒకప్పుడు ప్రసాదరావు గారి దగ్గర చదువుకున్నవాడని అప్పటికి నాకు తెలియదు. పది రోజులు తిరక్కుండా, దివిసీమలో స్కూలు భవనాల పని అర్జంటుగా ఉంది, బందరు కొన్నాళ్లు వేరేవాళ్లు చూస్తారు అని కబురొచ్చింది. నాగాయలంక దగ్గర ఒక గదిలో ఉంటూ స్కూళ్ల గోడలు తట్టి చూస్తూ కూర్చున్నాను. నా స్థానంలో చిన్న వయసు ఆఫీసరు ఒకతను బందరు వెళ్లాడు.

అతను చెప్పింది నిలవదని కాదు. అంతకంటే తెలివైన మాట. సముద్ర తీరంలో నెమలికంఠం రంగుకు కంపెనీ వారంటీ ఇవ్వదన్నాడు. మీగడ రంగులో వాటర్‌ప్రూఫ్ పూత వేయించుకుంటే చాలా ఏళ్ల వారంటీ ఉందన్నాడు. సిమెంటు ఊడగొట్టక్కర్లేదు, వానల్లోపే అయిపోతుందన్నాడు. ప్రసాదరావు గారు కూడా గోడ అవతలి నుంచి వచ్చి, ఇద్దరం కలిసి ఒకే రంగు వేసుకుందామమ్మా అన్నారట. ఆ వీధిలో ఆయన ఆవిడతో మాట్లాడటం అదే మొదలు. నాంచారమ్మ గారు ఒప్పుకున్నారు. ఒప్పుకున్నది వారంటీకా, ఆ పలకరింపుకా అని నేనెప్పుడూ అడగలేదు.

ఎడమ సగానికి తడి గోడమీదే లప్పం, ప్రైమరు, రెండు కోట్ల వాటర్‌ప్రూఫ్ పూత వేశారు. ప్రసాదరావు గారు తన సగానికి మీగడ రంగు కలిపిన సున్నమే వేయించుకున్నారు. ఆయన గోడ సంగతి ఆయనకు తెలుసు.

మరుసటి వానాకాలం మధ్యలో నాంచారమ్మ గారే నాకు ఫోను చేశారు. అప్పటికి నన్ను మళ్లీ గుడివాడకు వేశారు. వెళ్లేసరికి ముందు గోడంతా పూత ఉబ్బి సంచుల్లా వేలాడుతోంది. ఒకచోట వేలితో నొక్కితే చిట్లి నీళ్లు కారాయి. ఉప్పు నీళ్లు. పూత ఊడిన చోట ఇటుక ముఖం కూడా దానితోపాటే ఊడొచ్చింది. కాల్చిన ఇటుకకు పైపొరే బలం. అది పోతే లోపలిది పిండిలా రాలుతుంది. కమాన్ల పైనున్న సన్న అంచు అప్పటికే సగం రాలిపోయింది. పక్క సగం చెక్కుచెదరలేదు.

ఆవిడ వారంటీ కింద ఫిర్యాదు ఇచ్చారు. ఆవరణలో చేపలు కడగడం, ఎండబెట్టడం వల్ల గోడకు ఉప్పు పట్టిందని, అది వారంటీలోకి రాదని కంపెనీ జవాబిచ్చింది. ఆవిడ వ్యాపారమంతా రేవులోనే. ఆ ఇంటి ఆవరణలో ఉన్నవి తులసికోట, రెండు బంతి మొక్కలు. తనిఖీకి ఎవరూ రాలేదు. నేను చూసింది చూసినట్టు రాసి పంపాను. ఫిర్యాదు ముగిసింది, ఇక అభిప్రాయం అక్కర్లేదని ఏరియా మేనేజరు ఫోనులో చెప్పాడు. పక్కింటివాళ్లు చేపల వాసన గురించి చెప్పారు కదా, ఇంకేం తనిఖీ కావాలన్నాడు.

ఆ సంగతి చెప్పడానికి నేనే వెళ్లాను. నాంచారమ్మ గారు వసారాలో ఊడిపడ్డ పెచ్చులు ఊడుస్తున్నారు. చీపురు పక్కన పెట్టి అడిగారు.

"ఆ నెమలికంఠం నిజంగా నిలిచేదేనాండీ?"

"నిలిచేదమ్మా. అప్పుడే చెప్పాను."

"చెప్పారు. తర్వాత వచ్చినాయన కూడా మీ కంపెనీ ఆయనే కదండీ. ఆయన జేబుమీదా మీ జేబుమీదా ఒకే బొమ్మ. ఎవరి మాట నమ్మాలో మాకెట్టా తెలుస్తదండీ?"

ఆవిడ కోపంగా అనలేదు. నిజంగానే అడిగారు.

గోడను బాగు చేసుకునే దారి చెప్పాను. పూతంతా గీకించి, చెడిన ఇటుకలు తీయించి, సున్నంతో మళ్లీ మొదలుపెట్టాలి. ఆవిడ తల ఊపారు, చేయించలేదు. ఆ ఏడాది చివర్లో రేవు దగ్గరే అద్దె ఇంట్లోకి మారిపోయారు. బందరు ఇంటిని రొయ్యల మేత వ్యాపారికి గోదాముగా ఇచ్చేశారు. కమాన్ల కింద బస్తాలు పేర్చారు. లారీ వెనక్కి వచ్చేటప్పుడు ఒక కమాను మూల విరిగింది.

నేను రిటైరైన మరుసటి నెలలో ప్రసాదరావు గారు ఫోను చేశారు. నంబరు ఎవరిచ్చారో తెలియదు. మేత వాసన భరించలేకపోతున్నామన్నారు. పాత గోడకు ఆనుకుని అంత బరువు పేర్చడం టెక్నికల్‌గా ప్రమాదమని నేనొక మాట రాసిస్తే మునిసిపాలిటీకి ఇస్తానన్నారు. ఇటుకల పైపొర ఎందుకు ఊడిందో కూడా రాయనిస్తే, మొదట్నుంచీ వరసగా రాస్తానన్నాను. ఆయన ఫోను పెట్టేశారు.

ఈ వృత్తిలోకి వచ్చే కుర్రవాళ్లు అప్పుడప్పుడు నన్ను సలహా అడుగుతుంటారు. గోడ గురించి చెప్పడానికి పుస్తకాలున్నాయి. నేను చెప్పేది వేరు. మన అభిప్రాయం అడిగేవాళ్లందరికీ అభిప్రాయం అక్కర్లేదు. తమ నోటితో అనలేని మాట అనడానికి కొందరికి ఇంకో నోరు కావాలి, ఆ నోటికి కాస్త చదువు ఉండాలి. మనం కాదంటే ఆ పని ఆగదు, ఇంకొకరు చేసిపెడతారు. నాంచారమ్మ గారి విషయంలో నేను నిజమే చెప్పాను. దానివల్ల ఆవిడకు ఏ మేలూ జరగలేదు.