పన్నెండు మంది, ఒక అవ్వ

అది 1969. ఉద్యమంతో నేను పాఠాలు చెప్పే బడి మూతపడింది. ఇంట్లో ఊరికే కూర్చోలేక, ప్రపంచంలో పేరు మోసిన పన్నెండు మంది స్త్రీల గురించి ఒక్కొక్కరికి ఒక్కో అట్ట మీద నాలుగు మాటలు రాసుకున్నాను. చేవెళ్ల చర్చిలో స్త్రీల కూటం పెట్టుకున్నారు, వచ్చి చదవమని కబురు పంపారు. ఇన్నాళ్లకు నా విద్వత్తు ఎవరికో అవసరమైందని పొంగిపోయాను.

తొమ్మిదింటికి అఫ్జల్‌గంజ్‌లో బస్సు ఎక్కాను. అటు వెళ్లేవారు కుడివైపు కిటికీ పట్టుకోండి, గండిపేట నీళ్లు కనిపిస్తాయి. నాకు మాత్రం పక్కన కూర్చున్న అవ్వ మూటే కనిపించింది.

"జర జరుగు బిడ్డ. చేవెళ్లల ఒకామెకు పొద్దటి నుంచి నొప్పులొస్తున్నయట. నేను పోయేదాంక ఆగాలె" అంది. ఆమె మంత్రసాని.

పదిన్నరకు మొయినాబాద్ చేరాం. రోడ్డుకు అడ్డంగా ఎడ్లబండి, దాని ముందు విద్యార్థులు. ఉద్యోగాలు ముల్కీలకే, అంటే స్థానికులకే, ఇవ్వాలని ఊరూరా గొడవ జరుగుతున్న రోజులు. వాళ్ల నాయకుడు బస్సెక్కి నా సంచిలోని అట్టలు తీసి ఒక్కొక్కటే చదివాడు.

"ఈమె విమానం నడిపింది. ఈమె రాజ్యమేలింది. మంచిగనే ఉన్నది గని టీచరమ్మా, ఇందుల ముల్కీలెంతమంది?"

"ఒక్కరూ లేరు" అన్నాను.

"పన్నెండు పోస్టులు. పన్నెండు బయటోళ్లకే ఇచ్చినవ్."

బస్సంతా నవ్వింది. వాళ్లెవరూ మీ ఉద్యోగాలు అడగడానికి రాలేదని వాదనకు దిగాను. టీచరు నోరు ఊరుకోదు కదా. అరగంట గడిచింది. అవ్వ మొహం చూసి నాకు భయమేసింది. నా ఉపన్యాసం ఆగుతుంది, కానుపు ఆగదు.

అవ్వ మూటతో సహా లేచి నాయకుడి ముందు నిలబడింది.

"ఏం రా మల్లేశు. పుట్టేటప్పుడు అడ్డం తిరిగినవ్. రెండు దినాలు మీ అమ్మ గోసపడ్డది. ఈ చేతులతోనే నిన్ను తిప్పి తీసిన. గిప్పుడు బస్సుకు అడ్డం వడ్డవ్. మల్ల తిప్పాల్నా?"

మల్లేశు తల దించుకున్నాడు. అతను సైగ చేయగానే ఎడ్లబండి పక్కకు జరిగింది. అట్టలు తిరిగిస్తూ, "ఈమెను గూడ రాయి టీచరమ్మా. ఒక్క పోస్టన్న మాకియ్యాలె" అన్నాడు.

కుదుపుల బస్సులోనే పెన్సిలుతో పదమూడో అట్ట రాశాను. చేవెళ్లలో బస్సు ఆగీ ఆగకముందే అవ్వ దిగి పరుగు తీసింది.

మధ్యాహ్నం కూటంలో పన్నెండు అట్టలూ చదివాను. అందరూ మర్యాదగా విన్నారు. ముందు వరుసలో ఒకామె మర్యాదగా నిద్రపోయింది. పదమూడోది మొదలుపెట్టేసరికి ఆమె కూడా లేచి కూర్చుంది.

"ఆ అవ్వ పేరేంది?" అని అడిగింది.

దేశదేశాల పేర్లు బట్టీపట్టిన దాన్ని, నా మోచేయి తగిలేంత దగ్గర కూర్చున్న మనిషి పేరు అడగలేదు. చాలా సిగ్గేసింది.

తిరుగు ప్రయాణంలో అయిదున్నర బస్సులో అవ్వ మళ్లీ కలిసింది. "ఆడపిల్ల. తల్లీ బిడ్డా మంచిగున్నరు" అంది. మొయినాబాద్ దాటుతుంటే రోడ్డు ఖాళీగా ఉంది. అప్పుడు అడిగాను ఆమె పేరు.

"సువార్తమ్మ. అందరు అవ్వ అనెటోళ్లే, పేరెవరడిగిన్రు బిడ్డ."

అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి చూపించాను. ఆమెకు చదువు రాదు. ఆ చివర నుంచి ఈ చివరి దాకా వేలితో తడిమింది.

"నా పేరు గింత పొడుగున్నదా?" అంది.