బుగ్గతో చూసిన అతుకు

ల్యాబుకి వచ్చేవాళ్ళు ఆమెకు పెట్టిన పేరు చీమక్క. ఆమె సూది గుచ్చితే చీమ కుట్టినంత కూడా ఉండదని ఎవరో అన్నారు, ఆ పేరు అంటుకుపోయింది. రక్తం ఇవ్వడానికి వచ్చినవాళ్ళు కుర్చీలో కూర్చుంటూనే "చీమక్క లేదా ఇవాళ?" అని అటూ ఇటూ చూసేవారు. లేదంటే కొందరు రేపు వస్తామని లేచిపోయేవారు. లావుపాటి చేతుల్లోనూ, ఎండుపుల్లల్లాంటి చేతుల్లోనూ కంటికి కనబడని నరం ఆమె చూపుడువేలికి దొరికేది. "అదిగో, దాక్కుంది దొంగ" అనేది. ఆ మాట పూర్తయ్యేలోపే సూది లోపల ఉండేది.

తర్వాత ఆమెకే పెద్ద జబ్బు చేసింది. జబ్బు పోయింది. దానికి వాడిన మందులు మాత్రం పోతూ పోతూ వేళ్ళ కొసల్లో స్పర్శను వెంట పట్టుకుపోయాయి. తిరిగి రావచ్చు, రాకపోవచ్చు, చేతులకు ఏదో ఒక పని చెబుతూ ఉండమన్నాడు డాక్టరు. ల్యాబు ఇన్‌ఛార్జి ఆమె కుర్చీలో ఇంకెవరినీ కూర్చోబెట్టలేదు. "ఒకటో తారీకు నుంచి వచ్చేస్తారుగా అక్కా, అందరూ అడుగుతున్నారు" అని ఫోను చేసేవాడు. "చూద్దాం తమ్ముడూ" అనేది. ఇంట్లో ఎవరు అడిగినా "పర్లేదు, కొంచెం కొంచెం వస్తోంది" అనేది.

వచ్చింది ఏమీ లేదు. చొక్కా గుండీ, చెంచా కాడ, అక్క మనవరాలి చెవి తమ్మె, అన్నీ ఆ వేళ్ళకు ఒకటే. తోలు తొడుగు వేసుకుని పుట్టినట్టు ఉండేది. దీనికి ఏడుపు రావాలి గదా అని ఆమెకూ అనిపించింది. రాలేదు. ఆ తొడుగు లోపల మనసుక్కూడా ఎవరో తొడిగిపోయినట్టున్నారు.

అక్క మొగుడు వడ్రంగి. పడగొట్టిన పాత ఇళ్ళ కలప కొని, దానితోనే తలుపులూ బల్లలూ చేస్తాడు. అక్క ఇచ్చిన అన్నం డబ్బా పట్టుకుని ఆమె కొట్టుకి వెళ్ళిన రోజున అక్కడ పాత మెట్ల చెక్కలు గోడకు ఆనించి ఉన్నాయి. ఏళ్ళ తరబడి జనం తొక్కడంతో ఒక్కో చెక్కా నడిమధ్యన పళ్ళెంలా గుంట పడింది.

"ఏం మరదలా, నీ మొహం చిత్రిక పట్టిన చెక్కలా ఉందే. ఒక్క గీతా లేదు" అన్నాడు బావ.

"గీతలుంటే ముసలిదాన్నయ్యానంటావు. డబ్బా తీసుకో, చల్లారిపోతుంది."

"డబ్బా సంగతి సరే. ఆ చెక్కల్లోంచి ఒకటి తీసుకో. పెట్టె చెయ్యి."

"నాకేం వచ్చని?"

"రాకపోతేనే చెయ్యాలి. వచ్చినవాడు చేస్తే దాన్ని పని అంటారు. అంత చేవ తేలిన కర్ర మళ్ళీ దొరకదు. పాడు చేసినా నిన్ను తిట్టుకోవడానికి మీ అక్కకి ఒక వంక దొరుకుతుంది."

ఆమె చేసింది. సరదా పుట్టి కాదు, వద్దనడానికి ఓపిక లేక. ఇంటికి వెళ్తే ఎవరో ఒకరు వేళ్ళ గురించి అడుగుతారు. ఇక్కడ బావ రంపం చప్పుడులో అడిగేవాళ్ళు లేరు.

ముందు మేకులు తీయాలన్నాడు. పాత కలపలో తలలు విరిగిన మేకులు దాక్కుని ఉంటాయి, రంపానికి తగిలితే పళ్ళు పోతాయి. బావ ఆమె చేతికి అయస్కాంతం ఇచ్చాడు. దాన్ని చెక్క మీద నడిపిస్తుంటే ఒకచోట టక్కున అతుక్కునేది, అక్కడ సుద్దతో గుర్తు పెట్టేది. చిత్రిక పట్టబోతే కర్ర పెచ్చులు పెచ్చులుగా లేచింది. "కర్ర వాలుకి ఎదురు తోస్తున్నావు తల్లీ. పిల్లిని తోక వైపు నుంచి నిమిరితే ఊరుకుంటుందా?" అన్నాడు బావ. అడుగు చెక్కను పెట్టె బయటి కొలతకు కోసింది. అది లోపలికి దిగలేదు. "పర్లేదు, పెట్టెకి పీట కూడా చేశావు" అన్నాడు. ఆమె నవ్వింది. నవ్వు మొహం మీదే ఆగింది.

మూత దగ్గర చిక్కు వచ్చింది. గుంట పడ్డ నడిమి భాగం మూతకు పనికిరాదు. దాన్ని కోసేసి, మిగిలిన రెండు ముక్కలను పక్కపక్కన జిగురుతో అతికించాలి. జిగురు ఆరాక పైన చదును చేయాలి. "కళ్ళు మూసుకుని వేలు నడిపించు. అతుకు ఎక్కడుందో నీ వేలికి తెలియకూడదు. అప్పుడు పనైనట్టు" అని చెప్పి, చేసిన తలుపు ఒకటి బండికి ఎక్కించుకుని అప్పగించడానికి వెళ్ళాడు.

ఆమె చిత్రిక పట్టింది. ఊదింది. కళ్ళు మూసుకుని చూపుడువేలు ఈ కొస నుంచి ఆ కొసకు నడిపించింది.

అతుకు తెలియలేదు.

ఇంకోసారి నడిపించింది. తెలియలేదు. వేలు తిప్పి, పక్క వేలుతో కూడా చూసింది. చెక్కంతా ఒకటే. బావ చెప్పిన లెక్కన పనైపోయింది. అదే వేలు బల్ల అంచు మీద, రంపం పిడి మీద, చివరికి గరుకు కాగితం మీద పెట్టింది. అవీ ఒకటే.

ఫోను మోగింది. ఇన్‌ఛార్జి. ఎత్తలేదు.

కాసేపు నిలబడి, వంగి, మూత మీద కుడి బుగ్గ ఆనించింది. మెల్లగా జరిపింది. నడుమ గోటి మందాన ఎత్తుపల్లం బుగ్గకు చురుక్కున తగిలింది. ఇంత స్పష్టంగా ఉన్నదాన్ని వేలు అసలు లేదనుకుంది.

బావ వచ్చేలోపు దాన్ని అరగదీసేయవచ్చు. బుగ్గతో చూసుకుంటూ అరగదీస్తే నున్నగా వస్తుంది, అతను వేలు పెట్టి మెచ్చుకుంటాడు, అక్కకు చెబుతాడు, ఇంకేం, వేళ్ళు వచ్చేశాయంటారు అందరూ. ఒకటో తారీకున కుర్చీలో కూర్చోవచ్చు. చిత్రిక చేతిలోకి తీసుకుంది కూడా. కానీ ల్యాబులో బల్ల మీద చెయ్యి చాపి, మొహం పక్కకు తిప్పుకున్న ముసలాయన మోచేతి మీద బుగ్గ ఆనించి నరం వెతకడం కుదరదు గదా. నవ్వొచ్చే సంగతే అది. ఆమె చిత్రిక కింద పెట్టేసింది.

బావ వచ్చి చెయ్యి చాపబోయాడు. ఆమె మూతను తన వైపు లాక్కుంది.

"అతుకు కుదరలేదు బావా. ఎత్తుపల్లం ఉంది."

"ఉంటే తీసేద్దాం. తెలిసిందిగా, సంతోషించు."

"వేలికి తెలియలేదు. ఏమీ తెలియట్లేదు. ఇన్నాళ్ళూ వస్తోందని చెప్పింది ఉత్తిదే."

బావ భుజం మీది తువ్వాలు తీసి అక్కర్లేకపోయినా చేతులు తుడుచుకున్నాడు. "మీ అక్కకి నేను చెప్పనా?" అన్నాడు చివరికి.

"అక్కకి చెప్పు. ల్యాబుకి నేనే చెబుతాను."

అక్కడే నిలబడి ఫోను చేసింది. "తమ్ముడూ, ఇంకెవరినైనా చూసుకో. నా వేళ్ళకి నరం దొరకదు" అంది. "పోనీ కౌంటర్లో కూర్చుంటారా అక్కా?" అన్నాడు అతను. "ఇవాళ ఇది అడిగావు చాలు, మిగతాది తర్వాత" అని పెట్టేసింది. ఇప్పుడైనా ఏడుపు వస్తుందేమోనని కాసేపు చూసింది. రాలేదు. కాళ్ళు మాత్రం నొప్పెట్టాయి. చాలాసేపటి నుంచి నిలబడే ఉందని అప్పుడు తెలిసింది.

బావ స్టూలు లాగి ఆమె వెనక పెట్టాడు. "మరి తప్పు ఎలా పట్టావు?"

ఆమె వంగి బుగ్గ ఆనించి చూపించింది. లేచేసరికి చెంపంతా రంపపు పొట్టు.

"నలభై ఏళ్ళ నుంచి ఈ పని చేస్తున్నాను, మొహంతో పని చేసే వడ్రంగిని చూడలేదు" అన్నాడు బావ.

"ఎటు నుంచి తొయ్యాలో చెప్పు" అందామె, చిత్రిక అందుకుంటూ.