ఏడో నంబరు స్థలంలో రసమట్టం

ఎల్డన్ జేబులో ఎప్పుడూ రసమట్టం ఉంటుంది. తాపీ మేస్త్రీ అనుకునేరు, కాదు. ముప్పై ఏళ్లు బడిలో చరిత్ర చెప్పి రిటైరైన మనిషి. కారు వెనక తగిలించుకు తిరిగే ఇల్లులాంటి ట్రైలర్ ఆపిన చోటల్లా ఆ మట్టం పెట్టి, అందులోని బుడగ రెండు గీతల నడుమకు వచ్చేదాకా తనూ తినడు, ఇంకొకర్నీ కుదురుగా తిననివ్వడు.

ఎర్రరాతి లోయ అంచున మా క్యాంపు మైదానంలో ట్రైలర్లు నిలుపుకోవడానికి పదహారు స్థలాలున్నాయి. ఒక్కటీ చదునుగా ఉండదు. చదును కావాలనుకునేవాడు యూటా ఎడారికి రావడమెందుకు, ఇంట్లో పడుకోక? గేటు దగ్గర ట్రైలర్లో కాపురముండి ఈ మైదానాన్ని చూసుకునే వెర్నాని నేనే. పద్నాలుగేళ్లుగా ప్రతి ఏప్రిల్లోనూ ఆ మొగుడూ పెళ్లాలను భరిస్తున్నాను. పెళ్లాన్ని భరించడానికేముంది, నోరీన్ బంగారం. ఆ బంగారానికి ఈ బుడగరాయుడు ఎక్కడ దొరికాడా అని ఏటా ఆశ్చర్యపోయేదాన్ని.

ముందొచ్చినవాళ్లదే స్థలం మా దగ్గర. వాళ్లు తెల్లారకముందే వచ్చి అంచున ఉన్న ఏడో నంబరు పట్టేవాళ్లు. ఇక మొదలు. ట్రైలర్ జానెడు ముందుకి, బెత్తెడు వెనక్కి. చక్రాల కింద ఒక చెక్క, దాని మీద ఇంకో చెక్క. ఒక ఏడాది పక్క స్థలం వాళ్లు అట్లు పోసుకుని తిని, గిన్నెలు కడుక్కుని, లోయలోకి దిగి తిరిగొచ్చినా ఎల్డన్ ఇంకా చక్రం పక్కన బోర్లా పడుకునే ఉన్నాడు. మైదానమంతా కుర్చీలు వేసుకుని వేడుక చూసింది. అతనికి చీమ కుట్టినట్టయినా లేదు. చివరికి పొయ్యి మీది బీన్స్ గిన్నెకీ మట్టం పెట్టాడు.

"బీన్స్ పారిపోతాయేమిటయ్యా?" అన్నాను.

"చెప్పలేం వెర్నా," అన్నాడు.

కిందటి ఏప్రిల్లో వాళ్ల పెళ్లికి నలభై ఏళ్లు నిండాయి. లోయ అడుగున రాతి తోరణం కింద, పెళ్లైన మూడో రోజున ఇద్దరూ ఒకే శాండ్విచ్ పంచుకు తిన్నారట. నలభై నిండిన పెళ్లిరోజున, ఎండ చల్లబడ్డాక అక్కడికే దిగి మళ్లీ తినాలని నోరీన్ ముచ్చట. మరుసటి ఏడాదికి మోకాళ్లు ఒప్పుకుంటాయో లేదోనని, ఆ మాట నాకు మూడుసార్లు చెప్పింది.

ఆ మొగుడు మాత్రం పెళ్లిరోజున కూడా రెండు గంటలు నేల మీద పాకాడు. నాకు ఒళ్లు మండింది. మధ్యాహ్నం ఇద్దరూ నీళ్లు పట్టుకోవడానికి వెళ్లగానే, ట్రైలర్ ముందు భాగాన్ని ఎత్తీ దించే జాకీ పిడి పట్టుకుని, ట్రైలర్ కాస్త వాలేలా రెండు చుట్లు తిప్పేశాను. వీడికి తేడా తెలియనే తెలియదు, సాయంత్రం నలుగురిలో పరువు తీస్తాను అనుకున్నాను. వాళ్లొచ్చి, కాసేపు నడుం వాల్చడానికి లోపలికి వెళ్లారు.

ఎండ తగ్గాక కులుకుతూ వెళ్లాను. ఎల్డన్ మెట్టు మీద కూర్చుని ఉన్నాడు, ఒళ్లో బేసిన్. లోపల నోరీన్ కళ్లు మూసుకుని మంచం అంచు గట్టిగా పట్టుకుంది.

"చెవిలో జబ్బు," అన్నాడు మెల్లగా. "మంచం కాస్త వాలినా లోకమంతా గిర్రున తిరుగుతుంది దానికి. ఇప్పుడు నిలబడనే లేదు, ఇక దిగేదెక్కడ?"

"ఇన్నేళ్లూ చెప్పలేదేమయ్యా?"

"అయ్యో పాపం అంటే దానికి గిట్టదు. నన్ను పిచ్చోడంటే నాకు పోయేదేముంది?" జేబులోంచి మట్టం తీసి ఇటూ అటూ తిప్పి చూశాడు. "ఇవాళ బుడగ సరిగ్గా చూసుకోలేదు. నా కళ్లు పోతున్నట్టున్నాయి వెర్నా. ఇక నోరీన్‌ని ఎక్కడికీ తీసుకెళ్లలేనేమో."

నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. జాకీ తిప్పింది నేనేనని చెప్పేశాను. తిడతాడనుకున్నాను.

"ఎన్ని చుట్లు?" అన్నాడు.

"రెండు."

అతని మొహం వెలిగిపోయింది. "అయితే నా కళ్లు బాగానే ఉన్నాయన్నమాట!" అంటూ పరిగెత్తి రెండు చుట్లూ వెనక్కి తిప్పాడు.

"వెర్నానేమీ అనకు ఎల్డన్," అంది నోరీన్ లోపల్నించి నీరసంగా. "ఆ పిడి తిప్పాలని నాకూ చాలాసార్లు అనిపించింది."

మర్నాటితో ఆ స్థలంలో వాళ్లుండే గడువు అయిపోతుంది. ఇంకెవరూ రాకుండా ఏడో నంబరుకు 'మరమ్మతులో ఉంది' అని బోర్డు తగిలించి, ఇంకో రెండు రోజులు వాళ్లనే ఉండనిచ్చాను. ఆ రెండో రోజున తోరణం దాకా దిగి వచ్చారు. శాండ్విచ్‌లో నాకూ ఓ ముక్క మిగిల్చారు, నిండా ఇసుక.

ఈ ఏప్రిల్లో వాళ్లు రాకముందే పార పట్టుకుని ఏడో నంబరు నేలంతా నేనే చదును చేశాను. రసమట్టం కూడా కొన్నాను. ఎల్డన్ ట్రైలర్ ఆపి మట్టం పెట్టాడు. బుడగ గీతల నడుమనే నిలిచింది. అయినా బోర్లా పడుకున్నాడు.

"నా పని మీద నమ్మకం లేదా?" అన్నాను కోపంగా.

"ఉంది. కానీ పక్కవాళ్లు చూస్తున్నారు. కాసేపు పాకకపోతే, ఏటా పాకేవాడు ఈసారి ఎందుకు మానేశాడని అడుగుతారు. ఆరా తీస్తే జబ్బు సంగతి బయటపడుతుంది, నోరీన్‌కి అది గిట్టదు."

పక్క స్థలాల వాళ్లు అప్పటికే కుర్చీలు వేసుకుని నవ్వుతున్నారు. నేనూ జేబులోంచి నా మట్టం తీసి, రెండో చక్రం పక్కన బోర్లా పడుకున్నాను.